దానమ్మ ఎడమకన్ను

చీపురుపల్లిలో ఉమాపతి ఇంటికి వెళ్తే ముందుగదిలో కూర్చోవడానికి చోటుండదు. ఆయన పనిచేసిన గోనెసంచుల మిల్లులో కంప్యూటరు గది మూసేసినప్పుడు, తూకానికి అమ్మబోయిన ప్రింటు కాగితాలన్నీ ఇంటికి మోసుకొచ్చాడు. మూరెడు వెడల్పు, రెండంచులా చిల్లులు, మడత మీద మడత. రిటైరయ్యాక చిన్న స్కానరొకటి కొన్నాడు. ఎవరూ నేర్పలేదు. అందులో పట్టని కాగితాన్ని ముక్కముక్కగా స్కాన్ చేసి కంప్యూటరులో అతకడం, పాడుచేసుకుంటూ తనే నేర్చుకున్నాడు.

"ఆ కాగితాల మెడలోనే కట్టీవలసింది మీరు తాళి" అంటుంది భార్య అనూరాధ.

తిత్లీ తుపాను పోయిన కొన్నాళ్లకి కళింగపట్నం నుంచి గున్నమ్మ వచ్చింది. ఒకప్పుడు మిల్లులో ఆ కంప్యూటరు గది ఊడ్చిన మనిషి. చీరలో చుట్టిన చెక్కపలకని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. విప్పితే, పలకకి అతికించిన కాగితం మీద ఆమె తల్లి దానమ్మ. ఆ రోజుల్లో ఉమాపతే, గున్నమ్మ దగ్గరున్న చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, నలుపున్నచోట ఇంగ్లీషు అక్షరం, తెలుపున్నచోట చుక్క పెట్టి, పెద్ద కాగితం మీద ఆ ముఖాన్ని అచ్చువేసి ఇచ్చాడు. ఫొటో ఎప్పుడో పోయింది. చనిపోయిన తల్లికి మిగిలిన రూపం ఇదొక్కటే. తుపానుకి పైకప్పు లేచిపోయి పలక తడిసింది. వెనకనుంచి చెదలు పట్టాయి.

"మా అమ్మని కంప్యూటర్లో ఎట్టీ బాబూ, పురుగు తినీకముందే."

ఫోనుతో తీసి చూశాడు. ఉబ్బిన కాగితం నీడలకి ముఖమంతా మచ్చలు పడ్డట్టు వచ్చింది. ఊడదీద్దామంటే మైదా జిగురు. కాగితం వేలు తగిలితేనే రాలుతోంది. చివరికి మూత పీకేసి, స్కానరునే పలకమీద బోర్లించాడు. తెరమీద గడ్డం వచ్చింది. నోరు వచ్చింది. కుడిచెంప, కుడికన్ను వచ్చాయి. గున్నమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుని గొంతుక్కూర్చుంది.

నుదురూ ఎడమకన్నూ మిగిలాయి. ఏటా తల్లి పోయిన రోజున గున్నమ్మ కొబ్బరినూనెలో తడిపి పెట్టిన కుంకుమ, పొరమీద పొరగా అక్కడే ఉంది. ఎండిపోయిందనుకున్నాడు ఉమాపతి. స్కానరు బోర్లిస్తే కొంచెం వంకరగా పడింది. సర్దుదామని ఎత్తాడు.

చర్రుమంది.

పలకమీద కన్నుండాల్సిన చోట చెదపురుగుల మట్టి. కన్నూ నుదురూ స్కానరు గాజుకి అంటుకుని వచ్చేశాయి.

"అయ్యో, ఊడొచ్చీసినాది!" గున్నమ్మ లేచి నిలబడింది. "ఏటి సేసినావు బాబూ?"

 ఉమాపతి స్కానరుని మెల్లగా వెల్లకిలా తిప్పాడు. ముక్క అంచు రెపరెపలాడింది.

"ఫ్యాను కట్టీ! కట్టీయే!" అని భార్యకేసి అరిచాడు.

అనూరాధ పరుగెత్తి స్విచ్చి నొక్కింది. ఆయన చెయ్యి బ్లేడు కోసం వెళ్లింది. గున్నమ్మ ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దు బాబూ. ముక్కలైపోతాది."

"తియ్యకపోతే ఎలాగమ్మా? అతకాలి కదా."

"ఏలు తగిల్తేనే రాల్తన్నాది. సూసుకో."

నిజమే. ఆయన బ్లేడు కింద పెట్టి ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయాడు. పైకి కనిపిస్తున్నది కాగితం వీపు. అంటే దానమ్మ కన్ను కిందకి, గాజులోకే చూస్తోంది. స్కానరులో ఏ కాగితాన్నైనా పెట్టేది అలాగే.

"ఎవులూ ఊపిరి గట్టిగా ఇడవకండి" అన్నాడు.

మీట నొక్కాడు. దీపం గాజు కింద నెమ్మదిగా జరిగింది. అంచు మళ్లీ కదిలింది. సగంలో కరెంటు పోతుందేమోనని అనూరాధ బల్బుకేసి చూస్తూ నిలబడింది. పోలేదు. తెరమీద ఎర్రటి మరక, దానికింద గీతలూ అక్షరాలూ, ఒక్కటీ చెరగకుండా వచ్చాయి. ఆయన వాటిని మిగతా ముక్కలతో జతచేసి పెద్దది చేశాడు.

గున్నమ్మ వంగి చూసింది. "ఏటి బాబూ, సీమలు పాకినట్టున్నాయి. మా అమ్మేదీ?"

ఆయన బొమ్మని చిన్నది చేశాడు. ఇంకా చిన్నది చేశాడు. అక్షరాలు కలిసిపోయాయి. గున్నమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

"కోపంగా సూస్తన్నాది."

"ఎవరిమీదే?" అంది అనూరాధ.

"ఇంకెవులిమీదమ్మా? కన్ను పీకినోడిమీదే."

ఉమాపతి చెమట తుడుచుకుని, ఆ ముఖానికి నకళ్లు తీసి ఇంకో రెండుచోట్ల దాచాడు.