నా తర్జుమాకు బలైన కోడి

ఒక కోడి ప్రాణం తీసి, ఒక దేశం పరువు తీసి, మా మామయ్య ముందు తలెత్తుకోలేకుండా చేసుకున్న ఘనత నాది. కత్తి పట్టలేదు, రాయి విసరలేదు. నాలుగు మాటలు తెలుగులోకి తర్జుమా చేశాను, అంతే. నవ్వొస్తే నవ్వండి. చెప్పేటప్పుడు నేనూ నవ్వుతాను. చెప్పాక మాత్రం కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

అప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. మా మేనమామ మహబూబాబాద్‌లో పాస్టర్. న్యూజిలాండ్ నుంచి నా ఈడు క్రైస్తవ యువతీయువకులు కొందరు వాళ్ల చర్చి తరఫున సేవకు వస్తున్నారనీ, ముందు ఇక్కడి పల్లెలు, తర్వాత భూపాలపల్లి తిరుగుతారనీ ఫోన్ చేశాడు.

"వాళ్ల మాటలు తెలుగుల చెప్పాలె. నీకు ఇంగ్లీష్ మంచిగొస్తదా బిడ్డా?"

"వచ్చుడేంది మామా, నాకు కలలు గూడ ఇంగ్లీష్‌లనే వస్తయి!"

పచ్చి అబద్ధం. నా ఇంగ్లీష్ పరీక్ష పేపర్ మీద గుర్రంలా ఉరికేది. మనిషి ఎదురైతే మొండికేసిన దున్నపోతులా కూలబడేది. తాను దూర సందు లేదు, మెడకో మైకు అన్నట్టు బయల్దేరాను.

ఆ బృందానికి పెద్ద రేచల్ అనే అమ్మాయి. మంచి పిల్లే గానీ మాటను సగం నమిలి సగం వదిలేది. మొదటి రోజు ఆమె ఎంత మాట్లాడినా నేను "దేవుడు ప్రేమగలవాడు" అన్నాను. జనం "ఆమెన్" అన్నారు. ఇంత సులువా అనుకున్నాను.

మర్నాడు కేసముద్రం దగ్గర ఒక ఊళ్లో సారమ్మ అవ్వ ఇంటికి వెళ్లాం. భర్త లేడు. మిరపకాయలు ఏరే కూలికి పోయి బతుకుతుంది. రేకుల గది, ఒక మంచం, వాకిట్లో ఒకే ఒక కోడి. రేచల్ అవ్వ చేతులు పట్టుకుని, కళ్లు చెమర్చగా చాలాసేపు మాట్లాడింది. ఆమె అన్నదేమిటో నాకు తర్వాత తెలిసింది:

"మేమంతా ఈ రోజు ఉపవాసం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మా దేశంలో తిండికి కొదవలేదు. ఆకలంతా మనసుల్లోనే. చర్చిలు ఖాళీ అవుతున్నాయి. మీ విశ్వాసం గురించి వినాలని వచ్చాం."

అందులో నా చెవికి చిక్కింది ఇంతే: తినలేదు, దేశం, ఆకలి, ఖాళీ చర్చిలు. మధ్యలో ఉన్న చిరుగులకు నా సొంత అతుకులు వేశాను.

"అవ్వా, వీళ్లు పొద్దున్నుంచి ఏం తినలే. వీళ్ల దేశంల అందరు ఆకలితోని ఉన్నరు. చర్చిలు సుత ఖాళీ అయినయి. నీ దగ్గరికి ఆశతోని వచ్చిన్రు."

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవా! కడుపుల అన్నం లేకుంటే చర్చికెట్ల పోతరు బిడ్డా? గింత తెల్లగ పాలిపోయిన్రు, ఏం రోగమో అనుకున్న. ఆకలా!"

"ఏమంటున్నారు?" అని రేచల్ అడిగింది.

"మీ గురించి చాలా బాధపడుతోంది."

అవ్వ గబగబా ఇంటి వెనక్కి వెళ్లింది. ప్రార్థనకు వెళ్లిందని చెప్పాను. అందరూ కళ్లు మూసుకున్నారు. అంతలో వెనక నుంచి కోడి కెవ్వున అరిచింది. ఒక కుర్రాడు ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. "ఇక్కడి కోళ్లు అంతే" అన్నాను.

పాటలు, ప్రార్థనలు అన్నీ అయి గంట దాటాక అవ్వ అన్నం, కోడి కూర తెచ్చి ముందు పెట్టింది. రేచల్ నా చెవిలో గొణిగింది. "మేం ఉపవాసమని చెప్పావు కదా?"

ఉపవాసం! ఆ మాట నా చెవికి చిక్కనేలేదు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కలలు కూడా ఇంగ్లీష్‌లో కనేదాన్ని కదా, ఎలా చెప్తాను? "తినకపోతే ఇంటి మనిషికి అవమానం. ఇక్కడి పద్ధతి" అన్నాను.

పాపం, ఉపవాసం విడిచి తిన్నారు. మా మిరపకాయ సంగతి వాళ్లకేం తెలుసు? కళ్లు, ముక్కులు ఏకమై కారాయి. అవ్వ కొంగుతో ఒక్కొక్కరి మొహం తుడిచింది. "మెల్లగ తినుర్రి బిడ్డా. ఎన్ని దినాలైందో అన్నం మొఖం జూసి! ఏడ్వకుర్రి."

"ఆమెను కూడా తినమను" అంది రేచల్.

"నాకు ఆకలి లేదు బిడ్డా" అంది అవ్వ.

ఆ రోజు పొల్లు పోకుండా నేను తర్జుమా చేసిన వాక్యం అదొక్కటే. అవ్వ ఆడిన అబద్ధం కూడా అదే. రేచల్ అవ్వకు వడ్డించడానికి లేచి గిన్నెలోకి చూసింది. ఖాళీ. పక్కన మూత తీసి ఉన్న బియ్యం డబ్బా, అదీ ఖాళీ. వాకిట్లోకి చూసింది. ఈసారి ఆమె ఏడ్చింది కారానికి కాదు.

మామయ్య ఇంటికి చేరాక అంతా కక్కేశాను. రేచల్ నన్ను తిట్టలేదు. "ఆకలంటే తెలుసుకోవాలని నేను ఒక పూట మానేశాను. ఆమె తన పూటే నాకు పెట్టింది" అంది. తిట్టినా బాగుండేది.

మామయ్య ఒక్కటే మాటన్నాడు. "భూపాలపల్లికి నువ్వు రావొద్దు. రేపు పోయి అవ్వకు నిజం జెప్పు."

సరేనన్నాను. స్టేషన్‌కు వెళ్లి జనగామ రైలెక్కాను. ఏ మొహం పెట్టుకుని పోను? కోడి చచ్చింది నా మూర్ఖత్వం వల్ల. అవ్వ దగ్గరికి పోకపోవడం మాత్రం నా పిరికితనం. రెండోది తలుచుకుంటేనే ఇప్పటికీ అన్నం సహించదు.

కొన్నాళ్లకు మామయ్య ఫోన్. "జల్ది రా. సారమ్మ వచ్చి కూసున్నది."

వెళ్లేసరికి అవ్వ పక్కన బియ్యం మూట. బస్సులో తానే మోసుకొచ్చిందట.

"మా ఊరి సంఘంల ఆడోళ్లందరం వండేటప్పుడు పిడికెడు పిడికెడు తీసిపెట్టినం బిడ్డా. ఆ పిల్లల దేశానికి పంపాలె."

అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "అవ్వా, వాళ్లు కలిగినోళ్లు. నేనే తప్పు చెప్పిన. వాళ్లకు తిండికి తక్కువ లేదు."

"ఊకో బిడ్డా. ఏడ్చుకుంట తిన్నరు, నా కండ్లతోని జూసిన."

"కారమై ఏడ్చిన్రు అవ్వా!"

అవ్వ మూట ముడి తడిమి చూసుకుంది. "మరి చర్చిలు ఖాళీ అన్నవు. అది గూడ అబద్ధమేనా?"

"అది నిజమే అవ్వా."

"అయితే పంపు" అంది.

మామయ్య మూట మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అవ్వ లేచి బస్టాండుకు నడిచింది.

ఆ రోజే బైబిల్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టబోతే, "ఒట్టు పెట్టొద్దని అండ్లనే రాసున్నది" అని మామయ్య చెయ్యి తీయించాడు. కాబట్టి చేతులు కట్టుకుని, మీ అందరి సాక్షిగా చెప్తున్నాను. ఆకలి అనే మాట ఎవరి నోట విన్నా, అది ఎవరికో, దేనికో కనుక్కోనిదే ఈ జన్మలో నోరు విప్పను. ఈలోగా ఎవరైనా మైకు అందిస్తే, దండం పెట్టి "దేవుడు ప్రేమగలవాడు" అని చెప్పి కూర్చుంటాను.