అమ్మ దగ్గు, నానమ్మ చుట్ట

మా చిన్నప్పుడు... వానాకాలం పొద్దున మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది పొగ. తడిసిన సరుగుడు కంపలు ఓ పట్టాన అంటుకునేవి కావు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేది... ఊదేది... మధ్యలో దగ్గేది... మళ్లీ ఊదేది.

చిన్నప్పుడంటే ఏ రాతియుగమో అనుకోకండి. మా ఊరి కుర్రాళ్ల చేతుల్లోకి టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కోటబొమ్మాళి దగ్గర పల్లెటూరు మాది. గ్యాస్ పొయ్యి కూడా ఉండేది... ఉండేదంతే! దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పాత తువ్వాలు కప్పి భద్రంగా ఉంచేవాళ్లు. చుట్టాలొస్తే టీ కోసం ఆ తువ్వాలు తీసేవాళ్లు. మిగతా వంటంతా మట్టి పొయ్యి మీదే. గ్యాస్ మీద వండిన చేపల పులుసు గొంతు దిగదని మా నాన్న తీర్మానం.

నిజం చెప్పొద్దూ... ఆ పులుసు రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది. దాకలో పులుసు కుతకుతలాడుతుంటే చూరులోంచి పొగ నీలంగా లేచేది. బడి నుంచి వస్తూ ఆ పొగ కనబడగానే పరుగు తీసేదాన్ని. అమ్మ చీరకొంగుదీ అదే వాసన. ఆ కొంగు ముఖాన కప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు.

అమ్మ దగ్గు కూడా గిన్నెల చప్పుడులా ఇంట్లో మామూలైపోయింది. ఒక చలికాలం మాత్రం బిందెడు నీళ్లు మోసుకొచ్చి గడప మీదే కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు, మాట రావడం లేదు. నాన్న శ్రీకాకుళం తీసుకెళ్లాడు. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి చూసి, "మీ ఇంట్లో ఎవరైనా చుట్టా, బీడీ కాలుస్తారా?" అని అడిగాడట.

కాలుస్తారు మరి! మా నానమ్మ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని దర్జాగా అడ్డపొగ తాగేది. నోరెందుకు కాలదా అని పిల్లలమంతా చుట్టూ చేరి చూసేవాళ్లం. ఇంకేం... దొంగ దొరికిపోయింది. ఇంటిల్లిపాదీ నానమ్మ మీద పడ్డారు.

"అమా, ఆ సుట్ట మానీ. నీ పొగ దీని పానం మీదకొచ్చింది" అన్నాడు నాన్న.

"సుట్ట నాది, దగ్గు దానికేటిరా? నాకూ ఉండీది దగ్గు. సుట్ట మొదలెట్టినాకే పోనాది!" అని కస్సుమంది నానమ్మ.

అన్నదే గానీ, కోడలంటే ప్రాణం ఆవిడకి. మర్నాడే చుట్టల కట్ట పక్కింటావిడకి ఇచ్చేసింది. అక్కణ్నుంచి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కోడి కూసినా తప్పే, కుక్క అరవకపోయినా తప్పే... అందరికీ తిట్లే.

చలి పోయింది, ఎండాకాలం పోయింది, మళ్లీ వానలొచ్చాయి. అమ్మ దగ్గు మాత్రం కదల్లేదు.

ఓ పొద్దున అమ్మ మంచం మీంచి లేవలేకపోయింది. నాకూ ఊదుగొట్టం పట్టే వయసు వచ్చింది కదా... నేనే పొయ్యి ముందు కూర్చున్నాను. కళ్లంట నీళ్లు ధారలు కడుతున్నాయి. ఊదడం, దగ్గడం... ఊదడం, దగ్గడం. గుమ్మంలో నానమ్మ నిలబడి నావైపే చూస్తోంది. ఉన్నట్టుండి వచ్చి నా చేతిలో గొట్టం లాగేసుకుంది.

"లెగే గుంటా... లెగు!"

నాన్నని కేకేసి పిలిచింది.

"ఒరే... నాను ఈ పొయ్యి కాడ ఉన్నన్నాల్లూ దగ్గినాను. నీ పెల్లాం కాపరానికొచ్చి పొయ్యి పుచ్చుకున్నాది, నా దగ్గు పోనాది. అప్పుడే మొదలెట్టిన సుట్ట వల్ల పోనాదనుకున్నాను, ఎర్రిదాన్ని. పొయ్యితో పాటు దగ్గు కూడా కోడలికి అప్పసెప్పీసినాన్రా... ఇప్పుడీ గుంటకి అప్పసెప్తన్నాం!"

అంటూనే ఏడ్చేసింది. మా నానమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు. కళ్లు తుడుచుకుని వెళ్లి గ్యాస్ పొయ్యి మీద తువ్వాలు లాగి అవతల పారేసింది.

"మరి పులుసు..." అని నసిగాడు నాన్న.

"రుసి కావాలంతే నువ్వు కూకుని ఊదుకో!"

ఆ రోజు గ్యాస్ మీద వండిన పులుసుకి నాన్న ముఖం అదోలా పెట్టాడు గానీ, గిన్నె మాత్రం ఖాళీ చేశాడు. నానమ్మ కొన్నాళ్లకి మళ్లీ చుట్ట పట్టింది. ఆ చుట్టా ఊరికే వదల్లేదు... అంగిట్లో పుండై ఆవిణ్ని తీసుకుపోయింది. వెళ్లేలోగా నన్ను మాత్రం ఒక్కనాడూ మట్టి పొయ్యి ముందు కూర్చోనివ్వలేదు.

అమ్మకి దగ్గు చాలావరకు తగ్గింది. పోయిన ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. రామతీర్థం కొండ ఎక్కుతుంటే మెట్ల మధ్యలోనే ఆగిపోయి, "మీరెల్లండే, నానిక్కడ కూకుంతాను" అంటుంది.

మొన్న మన ఈ గ్రూపులోనే ఎవరో కట్టెల పొయ్యి ఫొటో పెట్టారు... 'ఆ రుచే వేరు' అని. పొగలో ఓ పెద్దావిడ కూర్చుని నవ్వుతోంది. నాకూ నోరూరింది. లైక్ కొట్టి, పాత రోజులు గుర్తొస్తాయి కదా అని అమ్మకి చూపించాను. అమ్మ ఫోన్ తీసుకుని, రెండు వేళ్లతో ఆవిడ ముఖం పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"ఈయమ్మకి దగ్గుందేటో అడగే" అంది.

ఆ ఫొటో పెట్టినాయన నాకు తెలియదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను... మీ ఇంట్లో ఆ రుచి కోసం పొయ్యి ముందు ఎవరు కూర్చునేవారు? ఆవిడ ఇప్పుడెలా ఉన్నారు?