మాత్ర మింగకుండా బంగారుపాళ్యం పోయొచ్చాం

బంగారుపాళ్యంలో కబడ్డీ పోటీలు చూడాలనుకునేవాళ్లు తిరుపతిలో తెల్లవారుజామునే చిత్తూరు బస్సెక్కడం మంచిది. ఎండ ముదరకముందే చేరుకుంటారు. నేనైతే ఆట చూడ్డానికి పోలేదు, మా బావకు కాపలా పోయాను.

బావ చెంగల్రాయులు ఇళ్లకు రంగులేస్తాడు, ఆదివారాలు కబడ్డీ ఆడతాడు. నలభై దాటినా కూతలో దమ్ము తగ్గలేదు గానీ మోకాలు అరిగిపోయింది. ఆటకు ముందు నొప్పి మాత్రలు, ఆటయ్యాక ఒక క్వార్టరు, ఏళ్లుగా ఇదే వరస. పోయిన నెల డాక్టరు రక్తపరీక్ష చూసి, ఇంకా మాత్రలు మింగితే కిడ్నీలు దక్కవని చెప్పేశాడు. "ఆడుకోనీరా, ఆట లేకుంటే ఆయప్ప ఉండలేడు. మాత్ర ఒక్కటి గూడా ఏసుకోనియ్యాకు," అని అక్క నాకు అప్పగించింది. పట్టిన పట్టు విడిచే రకం కాదు నేను.

పూతలపట్టులో ఎక్కిన ఒక పెద్దామె బావ మోకాలి పట్టీ చూసి, ఆ కాలితో ఆటేంటికని అడిగింది.

"ఆడకుంటే బిగుసుకుపోతాదిమా," అన్నాడు బావ.

చిత్తూరులో ఇడ్లీ తిని పలమనేరు బస్సెక్కేలోపు ఆయన మందుల షాపు వైపు నడిచాడు. నేనూ నడిచాను. బిస్కెట్లకని గొణిగాడు. పక్క అంగట్లో కొనిచ్చి వెనక్కి తీసుకొచ్చాను.

పదింటికి బంగారుపాళ్యంలో దిగాం. ఊరంతా మామిడి గుజ్జు వాసన. మైదానం పక్కనే మొదటి బహుమతి పొట్టేలును కట్టేశారు. బావ జట్టువాళ్లు కొందరు సీసాల్లో ఏదో పొడి గిలకొట్టి తాగుతున్నారు. మాత్రల అట్ట ప్రసాదంలా చేతులు మారుతోంది. బావ దాకా వచ్చేసరికి నేనే అందుకుని పక్కవాడికిచ్చాను. బావ నన్ను కొరకొరా చూశాడు.

మధ్యాహ్నం చిత్రాన్నం పెట్టారు. తర్వాత ఫైనల్. కూతకెళ్లిన బావను చీలమండ పట్టి లాగేశారు, మోకాలు మెలిపడింది. కుంటుతూ వచ్చి అవతలి గట్టున కూలబడ్డాడు. కెప్టెన్ మాత్ర, నీళ్లు పట్టుకుని పరిగెత్తాడు. నేను ఇవతల తాడు వెనక జనంలో ఇరుక్కుపోయాను. అరిచినా వినపడదు. అక్కకు ఏం చెప్పాలో తెలియలేదు.

బావ మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ కెప్టెన్ చేతిలోనే పెట్టి తల అడ్డంగా ఊపాడు. ఆయన బదులు ఇంకొకడు దిగాడు. ఓడిపోయాం. పొట్టేలు వేరే జట్టుతో ఆటో ఎక్కింది.

జట్టువాళ్లు బ్రాందీ షాపుకు పోయారు, మాకు పోయొస్తామని కూడా చెప్పలేదు. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. బావ కమ్మీ పట్టుకుని, ఫోను స్పీకర్లో పెట్టి అక్కతో మాట్లాడాడు. ఓడినామని చెప్పాడు.

"మే, మోకాలు శానా నొస్తాండాది."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట మేం వినలేదు.

"రాండి, వేన్నీళ్లు కాగబెడతా," అంది అక్క.

పొట్టేలు గెలిచినా నాకంత సంతోషం ఉండేది కాదు.