మగ్గానికి సెలవునాడు

ఏడాది పొడుగునా ఎదురుచూసిన మనుషుల మీద రోత పుట్టడానికి నీలవేణికి గంట కూడా పట్టలేదు. ఛీ, ఏం మనుషులమ్మా!

గద్వాలలో మగ్గాల వీధిలో పుట్టి, పక్క వీధికే కోడలుగా వెళ్లిన మనిషి నీలవేణి. ఇంటర్ దాకా చదివింది. ఆమె, భర్త పాండు ఒకే మగ్గం మీద వంతులేసుకుని నేస్తారు. నూలు చీరకు పట్టు అంచు కలపడంలో ఆమె చేతికి పేరుంది. పేరుంటే ఏం లాభం, ఇంట్లో మాట్లాడుకోవడానికి మనిషే లేడు. అత్త జములమ్మ మాట్లాడనిస్తే కదా! పాండు మంచివాడే, కానీ నాలుగు మాటలడిగితే ఒకటి చెబుతాడు, అదీ దారం గురించే.

రెండువేల ఎనిమిదిలో బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టారు. పక్కింటి పిల్ల తీసుకెళ్లి ఆర్కుట్ చూపించింది. అందులో చేనేత చీరలంటే ప్రాణం పెట్టే ఆడవాళ్ల గుంపొకటి ఉంది. అక్కడ ఇద్దరు దొరికారు. ఒకరు హైదరాబాద్ వర్ష. ఇంకొకరు ఆత్మకూరులో చీరలకు ఫాల్స్ కుట్టే పద్మజ. ఒక్క వేలితో ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ నీలవేణి వాళ్లకు తెలుగులో రాసేది. మొదట చీరల సంగతులు, తర్వాత ఇంటి సంగతులు, చివరికి పాండుకు కూడా చెప్పుకోని కడుపులో మాటలు. లోకంలో తనవాళ్లంటూ ఎవరైనా ఉంటే ఆ ఇద్దరేనని ఆమె గట్టిగా నమ్మింది.

‘నీ దగ్గరికి వస్తాం నీలూ, ఎప్పుడు రమ్మంటావ్?’ అని వర్ష రాస్తే, ఇద్దరినీ అమావాస్య నాడు రమ్మంది.

అమావాస్య నాడు వాళ్లు మగ్గం ముట్టరు. బొట్టు పెట్టి గుడ్డ కప్పేస్తారు. మిగతా రోజుల్లో కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ మగ్గానివే. స్నేహితులొస్తే పక్కన కూర్చోకపోతే ఎట్లా? అందుకే ఏరికోరి ఆ రోజు చెప్పింది. తెల్లారకముందే లేచి పూర్ణం పెట్టి బచ్చాలు చేసింది, ఇల్లంతా అలికింది.

ముందు పద్మజ వచ్చింది, ఆత్మకూరు బస్సులో. ఆమెను చూడగానే నీలవేణి గుండె జారిపోయింది. అంత చక్కగా రాసే మనిషి నోట్లో ఇంత జర్దా! పళ్లన్నీ గారపట్టి ఉన్నాయి. వస్తూనే గోడవారన తుపుక్కున ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని, మజ్జిగ జుర్రుజుర్రున తాగి తేన్చింది. అలికిన వాకిలి అది! ఈమెకా నేను నా బాధలన్నీ చెప్పుకున్నది!

తర్వాత కారులో వర్ష దిగింది, వెంట ముగ్గురు స్నేహితురాళ్లతో. ఒళ్లంతా సెంటు వాసన, చేతిలో కెమెరా. “నీలూ!” అని వాటేసుకుంది. నీలవేణి మురిసిపోయింది.

“మగ్గంలో కూర్చో, ఫొటోలు తీద్దాం.”

“ఇయ్యాల అమాస వర్షా, మగ్గం ముట్టం. అందుకే గదా ఇయ్యాల రమ్మన్న! నిమ్మళంగ కూసొని ముచ్చట పెట్టుకుందామని.”

వర్ష ముఖం మాడిపోయింది. “ముందే చెప్పాలి కదా! మరి మేం ఇంత దూరం వచ్చింది దేనికి?”

నీలవేణి బచ్చాల పళ్లెం తెచ్చి అందరి ముందూ పెట్టింది.

ముగ్గురిలో ఒకామె మగ్గం మీది గుడ్డ ఎత్తి చూసింది. ఇంకొకామె చెప్పు కాలితోనే, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగబోయింది. “ఏయ్, చెప్పులమ్మా చెప్పులు!” అని జములమ్మ లోపలి నుంచి కేకేసింది. ఆ చెప్పులామె నవ్వింది. బచ్చం అంచు కొరికి వదిలేసి, వేళ్లకంటిన నెయ్యి కాగితంతో తుడుచుకుని, ఆ కాగితం మగ్గం గుంటలో పడేసింది. థూ! వాకిట్లో జర్దా ఉమ్మే నయం.

“మగ్గం లేకపోతే ఏం, మనిషిని తీద్దాం,” అంది వర్ష, కెమెరా సర్దుతూ. పక్కామెతో, గొంతైనా తగ్గించకుండా అంది. “నేను చెప్పానే, ఐదో నెలలో కడుపు పోయిందని. ఈమెకే. ఈ గుంటలో కూర్చునీ కూర్చునీ. నీలూ, కాస్త దిగులుగా మగ్గం వైపు చూడు.”

ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ రాసిన మాట అది. దాన్ని నలుగురి ముందూ బజారు సరుకులా పరిచింది ఈ మనిషి.

“లెవ్వండి,” అంది నీలవేణి.

“ఏంటి?”

“లెవ్వండి, పోండి మా ఇంట్లకెంచి. నన్ను జూడనీకి రాలే మీరు. పోండి!”

కారు వెళ్లాక నీలవేణి గుంటలోంచి కాగితం తీసి అవతల పారేసింది. చెయ్యి మూడుసార్లు కడుక్కున్నా జిడ్డు పోలేదు. అరుగు మీద పద్మజ ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. ఆమెకూ రాసింది తను, అదే సంగతి. ఆమె ఎంతమందికి చెప్పిందో!

“నువ్వు గూడ పో అక్కా. సాలు నాకు ఈ దోస్తాన్లు.”

పద్మజ పోలేదు. లేచి బయటికెళ్లి ఉమ్మి, నీళ్లతో నోరు పుక్కిలించి, మళ్లీ వచ్చి పక్కనే కూర్చుంది. జర్దా కంపు ఇంకా కొడుతూనే ఉంది. నీలవేణి ముఖం తిప్పుకుంది.

“ఒకటడుగుత, ఏమనుకోవద్దు,” అంది పద్మజ మెల్లగా. “నువ్వు రాసిన కాంచి అడుగుదామనే ఉన్న. గట్ల రాసి అడిగేటిది గాదని ఊకున్న. ఆడపిల్లనా, మొగపిల్లగాడా?”

అది జరిగిన రెండేళ్లలో ఆ ఇంట్లో, ఆ వీధిలో అందరూ కడుపు పోయిందన్నారు. ఇంకో కాన్పుకు ఏం కాదులే అన్నారు. పోయింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

“ఆడపిల్ల,” అంది నీలవేణి. “దవాఖానల నర్సమ్మ చూపెట్టింది.”

“పేరు గిట్ల అనుకున్నవా?”

లోపల అత్త ఉంది. నూలు చుడుతూ పాండు ఉన్నాడు. ఇద్దరికీ వినబడుతుందని తెలిసే గట్టిగా చెప్పింది.

“అనుకున్న అక్కా. మమత.”