ఎస్తేరు సిస్టర్‌కు ఇచ్చిన మెమో

ఎస్తేరు సిస్టర్ ఇక లేదు.

నిన్న పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోయిన మా ఆయన బొగ్గుగని గేటు దగ్గర్నుంచే ఫోన్ చేశాడు. "సిస్టర్ పోయిందట. హార్ట్ ఎటాక్."

ఏ సిస్టర్ అని మూడుసార్లు అడిగాను. మా ఇంట్లో సిస్టర్ అంటే ఒక్కరే.

మా కాలనీ పక్కన చిన్న దవాఖానలో పసిపిల్లలకు టీకాలు వేసే నర్సు. గోదావరిఖనిలో చాలా ఇళ్లవాళ్లకు తెలుసు.

మా పాపకు నెలన్నర టీకా రోజు. బరువు చూసింది, సూది వేసింది, కార్డు నింపింది. తర్వాత మా అత్తను "అవ్వా, జెర బయట కూసో" అని పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"పాప మంచిగుంది. నువ్వెట్లున్నవ్ బిడ్డా? నిద్ర పడుతుందా? ఎప్పుడన్న చచ్చిపోవాలనిపిస్తుందా?"

అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

అనిపిస్తోంది అన్నాను. పాపను చూస్తే ఏమీ అనిపించట్లేదని కూడా చెప్పేశాను.

తనే నన్ను మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మా ఆయనను కూర్చోబెట్టి చెప్పింది. "ఇది పొగరు కాదు కొడుకా, జబ్బు. బాలింతలకు వస్తది. మందులతోని తగ్గుతది."

తగ్గింది. పాపకు ఇప్పుడు ఆరేళ్లు.

ఇక ఆ దవాఖాన పెద్ద డాక్టర్ సంగతి.

సిస్టర్ ప్రతి తల్లినీ ఇలాగే అడిగేది. లైన్ లేటవుతోందని ఆయన అందరి ముందూ అరిచాడు. "టీకాలెయ్యమంటే ముచ్చట్లు పెడుతున్నవా?" మెమో ఇచ్చి, టీకాల గది నుంచి స్టోర్ రూముకు మార్చాడు.

ఆ రోజుల్లోనే మా వెనక లైన్ ఇళ్లల్లో ఉండే స్రవంతి తన బాబును రెండుసార్లు టీకాలకు తీసుకెళ్లింది. రెండుసార్లూ బాబు బరువు రాశారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

మూడో టీకాకు బాబును అమ్మమ్మ ఎత్తుకొచ్చింది. స్రవంతి అప్పటికే తన ప్రాణం తానే తీసుకుంది.

సిస్టర్ ఆ బాబు టీకాల కార్డు తీసుకెళ్లి డాక్టర్ టేబుల్ మీద పెట్టింది. "రెండుసార్లు మన ముంగటికొచ్చింది సార్. పిల్లగాన్ని తూచి పంపినం."

"ఇంట్ల లొల్లులకు మనమేం చేస్తం?" అన్నాడట. తల కూడా ఎత్తలేదట.

మర్నాడు సిస్టర్ ఎవరినీ అడగకుండా టీకాల గదిలోకి వెళ్లి కూర్చుంది. "ఇంకో మెమో రాసుకోండ్రి" అంది. మళ్లీ తల్లుల్ని అడగడం మొదలుపెట్టింది.

ఈరోజు సమాధి దగ్గరికి ఆ డాక్టరే పూలదండతో వచ్చాడు. మైకు తీసుకున్నాడు. "తల్లుల మనసు తెలిసిన నర్సు. నేనే ఎంకరేజ్ చేసేటోణ్ణి."

ఒళ్లు మండిపోయింది.

సిస్టర్ కూతురు నా చేతిలో ఆ మెమో జిరాక్స్ పెట్టింది. "చదువక్కా."

అదే మైకులో చదివాను. కింద ఆయన సంతకంతో సహా. స్రవంతికి ఏమైందో కూడా చెప్పాను. స్రవంతి తల్లి ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

దండ కుర్చీ మీద పడేసి కారెక్కాడు.

చాలదు సార్. ఈ పోస్ట్ మీరు చూస్తారని నాకు తెలుసు.

సోమవారం మేం తల్లులమంతా కలెక్టరేట్‌కు పోతున్నాం. ఆ మెమో మీద ఎంక్వైరీ కావాలి. టీకాకు వచ్చిన ప్రతి తల్లినీ ఆ ప్రశ్నలు అడగాలని ఆర్డర్ కావాలి. దాన్ని మన దవాఖాన గోడకు మీ చేతులతోనే అంటింపజేస్తాను. అప్పటిదాకా వదలను.

పోయిరా అమ్మా. దేవుడి దగ్గర నీకు నెమ్మది దొరకాలి.

నాకు ఆ నెమ్మది ఇప్పుడే వద్దు.