బాబాయి పగలగొట్టవలసిన అద్దం

ఆ రోజుల్లో కొత్తగా చదువు పూర్తిచేసిన కుర్రాడు ఇంట్లో ఉంటే వంటసామానుకు భద్రత ఉండేది కాదు. బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ వంటింట్లో ఆ ఆగస్టు ఉదయం ఉన్నవి: మూడు కిలోల పంచదార, ఒక ఇత్తడి గిన్నె, నెయ్యి రాసిన రేకు పళ్ళెం, అడిగి తెచ్చిన థర్మామీటరు, మా పిన్ని, మెటలర్జీ డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలైన నేను. లేనివాడు బాబాయి; గార్డు డ్యూటీలో కర్గీ రోడ్ స్టేషను దాటి ఉంటాడు. అసలిదంతా ఆయన కోసమే. తొమ్మిదేళ్ళుగా తెలుగు నాటకాలకు తెర లాగిన బాబాయికి మొదటిసారి హీరో వేషం దొరికింది. ఆఖరి రంగంలో కిటికీ అద్దాన్ని పిడికిలితో పగలగొట్టి లోపలికి దూకాలి. అది పండకపోతే మళ్ళీ తెరతాడే గతి అని దర్శకుడు ముందే చెప్పేశాడు. నిజం గాజైతే చెయ్యి తెగుతుంది కనుక, పంచదారతో అద్దం చేసే బాధ్యత నేను తీసుకున్నాను. (ఎవరూ ఇవ్వలేదు.)

“ఏటిరా అది, పాకవా?” అంది పిన్ని.

“గాజు పిన్నీ. పంచదార పలుకులో అణువులు వరస కట్టి ఉంటాయి. కరిగిస్తే వరస చెదురుతుంది. గబగబా చల్లార్చామనుకో, మళ్ళీ వరస కట్టే వ్యవధి ఉండదు. చెదిరినవి చెదిరినట్టే బిగుసుకుంటాయి.”

“అచ్ఛా. రెండు చుక్కలు నిమ్మరసం ఎయ్యి మరి. లేకపోతే పలుకు కడతాది.”

నిమ్మరసం నా పుస్తకంలో లేదు. వెయ్యలేదు, పైగా శ్రద్ధగా కలియబెట్టాను. అణువులు చక్కగా వరస కట్టి, తెల్లటి బండ తయారైంది. పిన్ని నిమ్మకాయ కోసి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. రెండోసారి అవతలి గోడ కనిపించేంత తేటగా అద్దం వచ్చింది.

“లైట్ల వేడికి కరిగిపోదు కదరా?” అన్నాడు సాయంత్రం బాబాయి, మీసం అంటించుకుంటూ.

“పంచదార కరగాలంటే నూట ఎనభై డిగ్రీలు దాటాలి బాబాయ్. దానికన్నా ముందు నువ్వు కరుగుతావు.”

ఆ అంకె పలుకులది. పలుకులు కరగడానికి ఒక హద్దంటూ ఉంటుంది. గాజుకు అలాంటి హద్దు లేదు. కాస్త వెచ్చన, కాస్త తేమ దొరికితే మెల్లగా మెత్తబడుతూ పోతుంది. హాల్లో వానాకాలపు తేమ, కిటికీ వెనక రెండు పెద్ద లైట్లు, గంటన్నర నాటకం. ఆఖరి రంగంలో బాబాయి పిడికిలి బిగించి గుద్దాడు. చప్పుడు లేదు. చెయ్యి మణికట్టు దాకా దిగింది. లాక్కుంటే తీగలు సాగాయి.

“అరే, చాష్నీ హై,” అన్నారెవరో ముందు వరసలో. (పాకం అని అర్థం.)

బాబాయి తెర పక్కన నిలబడ్డ నావైపు తిరిగి, పెదాలు కదపకుండా అన్నాడు: “కరగదన్నావు కదరా.”

“కరగలేదు బాబాయ్. మెత్తబడింది.”

ఆయన నన్నొక్క క్షణం చూసి, హాలుకు వినపడేలా “తలుపు తీసే ఉందన్నమాట,” అని, పక్కనున్న తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. ఆ చప్పట్లు రిహార్సల్స్‌లో ఎవరూ ఊహించలేదు.

గాజు మెత్తబడటం వేరు, పలుకు కరగడం వేరని ఇప్పుడు ల్యాబులో కొత్తవాళ్ళకు నేనే చెబుతుంటాను. చెప్పినప్పుడల్లా ఆ కుర్రాడి ధీమాకు నవ్వొస్తుంది. అంకెలు అప్పటికన్నా ఎక్కువే తెలుసు. అంత ధీమా మాత్రం మళ్ళీ రాలేదు. బాబాయి తెరతాడు ముట్టుకోలేదు. హీరోగా ఇంకా ఆరు నాటకాలు వేశాడు. వాటిలో అద్దం ఉన్నవి సున్నా.