కంబళి అంచున చిన్నాయన

మా చిన్నాయన పోయాడన్న కబురు బడిలో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన పెద్దకొడుకు. "అక్కా, నాయన పోయినాడు. పొద్దున్నే పట్టుపురుగులకు ఆకేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అట్లే ఒరిగిపోయినాడు" అన్నాడు. కెలమంగలం బడిలో నా రెండో తరగతి పిల్లల్ని పక్క టీచరమ్మకు అప్పజెప్పి, ఉద్దనపల్లి బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. నెల దాటినా అది పూర్తిగా ఆగలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాసుకుంటే కాస్త కుదుటపడతానేమోనని కూర్చున్నాను.

ఆయన మా నాన్నకు తమ్ముడు. ఉద్దనపల్లి దగ్గర మాది గొర్రెలు కాచుకునే వాళ్ల పల్లె. అలాంటి పన్నెండు పల్లెలకు కలిపి ఒక యజమాని ఉంటాడు. యజమాని అంటే ఏవో మేడలూ మాన్యాలూ ఉంటాయనుకునేరు. ఒక నల్ల కంబళి, వెండి పొన్ను వేసిన ఒక కర్ర, పెళ్లిళ్లలో అందరికంటే ముందు చేతికందే తొలి వక్కాకు, అంతే! తమలపాకులో చుట్టిన రెండు వక్కపలుకులవి. ఆ ఆకు ముందు ఎవరి చేతికి పోవాలన్న దాని మీద మావాళ్లు మాటలు మానుకున్నారు, పెళ్లిపందిళ్లలోంచి లేచి వెళ్లిపోయారు. చదువుకున్నదాన్ని కాబట్టి నేను ఒకప్పుడు దీన్ని చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను.

ఆ పెద్దరికం తండ్రి నుంచి పెద్దకొడుక్కు దిగుతుంది. మా నాన్న యజమాని. తొంభైల మొదట్లో, నాకు పదకొండేళ్లప్పుడు, కామెర్లు ముదిరి పోయాడు. ఆయనకు నేనొక్కదాన్నే బిడ్డను. దినం అయిన మర్నాడే కర్రా కంబళీ చిన్నాయన ఇంటికి చేరాయి. "నీ నాయన మీద పోసిన మట్టి ఆరకముందే ఎత్తుకపోయినాడు" అని అమ్మ చాలా ఏళ్లు అంటూనే ఉండేది.

కానీ పెళ్లికి వెళ్లివచ్చిన ప్రతిసారీ చిన్నాయన సైకిలు మా గుమ్మం ముందు ఆగేది. చెప్పులు వీధిలోనే విడిచేవాడు. తలగుడ్డ విప్పి, మడతలోంచి ఆకు తీసి, చొక్కా చేతికి ఒకసారి తుడిచి నాకిచ్చేవాడు. "ఇది నీది పాపా. నేను మోసుకొచ్చినా, అంతే." పదకొండేళ్ల పిల్లకు వక్కాకు దేనికి? కొరికితే నోరు మండేది. బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేదాన్ని. అవి ఎండి గలగలమనేవి.

ఆయనకేమో వక్కాకంటే ప్రాణం. పెళ్లిలో అందింది నోట పెట్టకుండా తెచ్చేవాడు గనక, దారిలో ఉద్దనపల్లి బస్టాండు దగ్గర తన కోసం వేరే కట్టించుకొని నమిలేవాడు. ఆ సంగతి మాకు తెలియదు. ఎర్రటి పెదాలు చూసి అమ్మ, "చూసినావా? అసలుది తాను తిని, ఎంగిలి మిగులు నీకు తెచ్చినాడు" అనేది. నేను నమ్మాను.

అలా నమ్మడానికి ముందు, నాన్న పోయాక రెండు మూడేళ్లు ఆయన పురుగుల కొట్టంలోనే నా సెలవులు గడిచేవి. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి ఏడు అంచెలుగా ఉండేవి. మల్బరీ ఆకు వేస్తూ ఒక్కో తట్ట దగ్గర ఒక్కో తరం చెప్పేవాడు. పై తట్ట చిత్తూరు దిక్కు నుంచి మందను తోలుకొచ్చిన తాతది. రెండోది ఆయన రెండో కొడుకుది, పెద్దకొడుకు గొర్రెలతో కుప్పం వైపు వెళ్లి మళ్లీ రాలేదట. మూడో తాతకు కూతురొక్కతే. నాలుగో తట్ట దగ్గరికి వచ్చేసరికి చిన్నాయన గొంతు తగ్గేది.

"ఈ తట్ట మా అవ్వది. నాయనా పోయె, మొగుడూ పోయె, కొడుకు చూస్తే చంటోడు. వాడు పెద్దోడయ్యేదాకా అవ్వే కంబళి మీద కూర్చున్నె. మొగోళ్లు పేర్లు చెప్పేటప్పుడు ఆమెను దాటేస్తారు. నువ్వు మాత్రం దాటొద్దు పాపా."

ఐదోది మా తాతది, ఆరోది నాన్నది. అన్నిటికంటే కింది తట్టలో ఆకు మాత్రం నా చేత వేయించేవాడు. ఆకు వేశాక కొట్టమంతా వాన పడుతున్నట్టు చప్పుడయ్యేది. ఇద్దరం మాట్లాడకుండా వినేవాళ్లం.

పదిహేనేళ్లు వచ్చాక నేను కొట్టానికి పోవడం మానేశాను. అమ్మ మాటలు తలకెక్కాయి. ఒకరోజు ఆయన ఆకు తెచ్చి ఇస్తే, ఆయన ముఖం చూస్తూనే తీసుకెళ్లి గుంజకు కట్టిన మేకకు పెట్టేశాను. మేక రెండుసార్లు నమిలి మింగేసింది. అమ్మ కూడా నిలబడిపోయింది. చిన్నాయన తలగుడ్డ మళ్లీ చుట్టుకుంటూ, "తిననీలే. మేక గూడా మన ఇంటిదే కదా తాయీ" అన్నాడు. ఆ పై వారం ఇంకో పెళ్లి ఆకు తెచ్చాడు. గుంజ దగ్గర మేకను చూసి, "ఈసారి దానికా, నీకా?" అని అడిగి నవ్వాడు. నేను నవ్వలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

టీచరు ట్రైనింగు అయ్యాక, కెలమంగలం వైపు ఒక బంధువుల పెళ్లికి వెళ్లాను. అమ్మ విధవరాలినని పెళ్లిళ్లకు వచ్చేది కాదు, నన్నూ పంపేది కాదు. ఆ రోజు మాత్రం పెళ్లికూతురు నా స్నేహితురాలు కూడా అని పట్టుబట్టాను. వంటల దగ్గర ఆడవాళ్లతో ఉల్లిగడ్డలు తరుగుతుంటే, పూజారి గొంతు వినిపించింది. "యజమాని యాడున్నాడప్పా?" వక్కాకు ఇచ్చే ముందు అలా అడగడం, యజమాని తన తరాల పేర్లు అప్పజెప్పడం ఆచారం. ప్రతి పెళ్లిలో వినే గొణుగుడు గనక ఎవరూ చెవిన పెట్టరు. నేను తడక సందులోంచి చూశాను.

చిన్నాయన కంబళి మధ్యలో కూర్చోలేదు. అంచున, ఒక మోకాలు నేల మీద ఆనించి, బస్సులో సీటు పట్టి పెట్టినవాడిలా కూర్చున్నాడు. పేర్లు చెప్తున్నాడు. అవ్వ పేరు దాటలేదు. చివరికొచ్చి, "ఆరోవాడు మా అన్న. నేను వాని తమ్ముణ్ణి. వాని బిడ్డ కోసరం కూర్చున్నా" అన్నాడు.

కత్తిపీట పక్కకు జరిపాను. పక్కనున్న పెద్దమ్మను, "ఎప్పుడూ ఇట్లే చెప్తాడా?" అని అడిగాను. "ఎప్పుడూ అంతే కదమ్మా, నీకు తెలీదా?" అంది, నేను కళ్లు తుడుచుకుంటున్నది ఉల్లిగడ్డకే అనుకొని. సాయంత్రం ఆయన సైకిలు వెనక కూర్చొని ఇంటికి వస్తుంటే, ఉద్దనపల్లి బస్టాండు దగ్గర ఆపి, తన కోసం వక్కాకు కట్టించుకున్నాడు. అప్పుడు అంతా అర్థమైంది.

అమ్మకు చెప్పాను. తర్వాతిసారి సైకిలు ఆగినప్పుడు, ఏళ్లుగా గుమ్మం దాటనివ్వని మనిషిని, "లోపలికి రాప్పా, మజ్జిగ తాగిపోదువు" అని పిలిచింది. చిన్నాయన చెంబెడు మజ్జిగ ఒక్క గుక్కన తాగి, వెనక్కి తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. యజమాని సంగతి మనసులో లేదు. ఒకసారి ఆకు తెచ్చినప్పుడు, "ఎందుకు చిన్నాయనా ఈ తిరుగుడు, ఆ పెద్దరికం నీ కొడుక్కే ఇచ్చేయరాదా" అన్నాను. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇచ్చేదానికి నాదా అది? మోసినంత మాత్రాన మనదౌతుందా?" అని లేచిపోయాడు. సగం దూరం వెళ్లి, సైకిలు తిప్పుకొని వచ్చి, మరిచిపోయిన ఆకు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆయన దినం నాడు పన్నెండు పల్లెల వాళ్లూ వచ్చారు. ఆయన పోయాక నాన్న పేరు ఆ వరసలో నిలుస్తుందా, అక్కడితో తెగి ఇంకో కొమ్మకు పోతుందా అన్నది ఆ రోజే తేలాలి. హోసూరులో వ్యాను నడిపే నా తమ్ముడు, అదే ఆయన పెద్దకొడుకు, యజమాని కావాలనే నేనూ అనుకున్నాను. ఆ మాట అందరి ముందూ చెప్పాలనే వెళ్లాను. కంబళి నాలుగు మడతలు వేసి పరిచారు. "యజమాని యాడున్నాడప్పా?" అని పూజారి అడిగాడు. తమ్ముడు లేచాడు.

వెళ్లి అంచున కూర్చున్నాడు. ఒక మోకాలు నేల మీద ఆనించాడు.

పేర్లు మొదలుపెట్టాడు. మూడో తాత దాకా బాగానే చెప్పి తడబడ్డాడు. "ఆయన కొడుకు..."

"కొడుకు కాదు, కూతురు. అవ్వ!" అన్నాను, ఆడవాళ్ల మధ్య నుంచి. అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఆ, అవ్వ" అన్నాడు తమ్ముడు, కన్నీళ్లతోనే నవ్వి. మిగతా పేర్లు చెప్పాడు. "ఆరోవాడు మా పెద్దనాయన. ఆయన బిడ్డ మా అక్క. ఆమె కోసరం కూర్చున్నా." పూజారి ఇచ్చిన వక్కాకు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఇవ్వబోతూ ఆగి, చొక్కా చేతికి తుడిచాడు. నాకు దుఃఖం ఆగలేదు.

అప్పుడే కంబళిని సరిగ్గా చూశాను. అంచున ఉన్ని అరిగి పడుగు దారాలు తేలాయి. మధ్యలో మాత్రం నల్లగా, కొత్తదానిలా ఉంది. వెనక నుంచి అమ్మ నా వీపు మీద చేయి వేసింది. "పో" అంది.

వక్కాకు నోట్లో పెట్టుకొని వెళ్లి, మధ్యలో కూర్చున్నాను. ముందు వరసలోని పెద్దలు కాస్త వెనక్కి జరిగారు. చీరలోంచి ఉన్ని గుచ్చుకుంది. నాన్న తర్వాత అక్కడ ఎవరూ కూర్చోలేదు, గుచ్చుకోదా మరి.